మద్దెలను కూడ పరీక్షింపవలెను

“ఆడలేక మద్దెల ఓడు” అను సామెత తెలుగునాట పుట్టి పెరిగిన వారికెవ్వరికీ క్రొత్త కాదు. మన కళాశాలలో ఉర్దూ మాతృభాషగా గల మిత్రులు ఇదే భావాన్ని “నాచ్ న జానే, ఆంగన్ టేఢా” అంటారు. నాట్యము రానివాడు తెలుగులో మద్దెల పగిలినదని సాకు చెబితే, ఉర్దూలో ముంగిలి వంకరగా ఉన్నదని సాకు చెబుతాడు. రెండు భాషల పెద్దలూ ఒకే మానవ స్వభావాన్ని కనిపెట్టి ఒకే చోట వాత పెట్టారు. పనిముట్టును నిందించే సోమరిని సరిదిద్దడానికి ఇంతకంటె పదునైన మాట లేదు.

అయితే ఈ సామెతకు ఇంకొక ప్రక్క ఉన్నది. నిజముగా మద్దెల ఓడైనప్పుడు ఆడేవాని గతి ఏమి? అతడు చెప్పవలసినది చెప్పకముందే సామెత అతని నోరు మూస్తుంది. సామెత పలికిన పెద్దమనిషి మద్దెల దగ్గరకు వెళ్ళి, ఒక్కసారి వ్రేలితో తట్టి చూచాడా అని అడిగేవారు సాధారణంగా ఉండరు. గత విద్యాసంవత్సరంలో ఈ ప్రశ్న మా ఎదుట నిలిచినది. దానికి జవాబు వెదకడానికై భౌతికశాస్త్ర విభాగంలోని మేము నలుగురము మూడు వారాల సాయంకాలములు ఒక తీగతో కుస్తీ పట్టాము. ఆ తీగ కథను పాఠక మిత్రుల ఎదుట ఉంచుటయే ఈ వ్యాసం ఉద్దేశము.

మా సహాధ్యాయిని ఒకామె 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ క్రీడలో కళాశాల తరఫున పాల్గొంటున్నది. ఈ క్రీడ మన నగరానికి పరాయిది కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఈ విభాగంలోనే కాంస్య పతకం గెలిచారు. హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్టల్ విభాగాలలో నాలుగు పతకాలు తెచ్చారు. చూచేవారికి ఇది నిలబడి గురి చూచి మీట నొక్కడమే. చేసేవారికి మాత్రం ఊపిరితోను, గుండె చప్పుడుతోను సాగే పోరాటము.

ఈ క్రీడలో సూక్ష్మత ఎంతటిదో అంకెలలో చెప్పడం మేలు. టార్గెట్ కాగితం నడుమనున్న పది పాయింట్ల చుక్క వ్యాసము 0.5 మిల్లీమీటరు మాత్రమే. పెల్లెట్ వ్యాసము 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ సరిగ్గా కేంద్రంలో పడితే 10.9 పాయింట్లు లభిస్తాయి. కేంద్రానికి ప్రతి పావు మిల్లీమీటరు దూరం జరిగిన కొద్దీ ఒక్కొక్క దశాంశము తగ్గుతూ, రెండున్నర మిల్లీమీటర్ల దూరాన పడినది 10.0 అవుతుంది. స్త్రీల పోటీలో పూర్వము 40 షాట్లు ఉండేవి. 2018 నుండి పురుషులతో సమానంగా 60 షాట్లు చేశారు. అన్నీ కేంద్రంలోనే పడితే మొత్తము 654. ఒక్కొక్క దశాంశము కోసం ఇక్కడ సంవత్సరాలు ధారపోస్తారు.

ఆమె ఫిర్యాదు ఒక్కటే. వరుసగా కాల్చినంతసేపు షాట్లు గుంపుగా పడుతున్నాయి. చేతులు దించి రెండు మూడు నిమిషాలు విశ్రాంతి తీసుకొన్న తరువాత కాల్చిన మొదటి షాటు మాత్రం పైకి పోతున్నది. ఆ రైఫిలు కళాశాల క్రీడా విభాగానిది, కొన్ని సంవత్సరాలుగా వాడుకలో ఉన్నది. “రైఫిలులో ఏదో ఉన్నదేమో” అని ఆమె మెల్లగా అన్నది. శిక్షకుడుగారు అనుభవజ్ఞులు. విశ్రాంతి తరువాత ఏకాగ్రత చెదరడం, ఊపిరి లయ తప్పడం క్రొత్తవారందరిలో ఆయన చూచినదే. కనుక ఆయన శ్వాసను గూర్చి చెప్పారు. ప్రక్కనున్న ఒకరు నవ్వుతూ మద్దెల సామెత అందుకొన్నారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ తరువాత రైఫిలు మాట ఎత్తనూ లేదు. అంతర కళాశాల పోటీలకు జట్టును ఎంపిక చేయడానికి అప్పటికి అయిదు వారాల గడువు ఉన్నది.

ఆమె చెప్పినది నిజమని మేము అప్పుడు నమ్మలేదు, అబద్ధమనీ నమ్మలేదు. కొలిచి చూడదగిన విషయాన్ని నవ్వుతో తేల్చివేయడం మాత్రం విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మాకు నచ్చలేదు.

ఏమి కొలవాలి? పెల్లెట్ వేగాన్ని కొలవాలి. సెకనుకు 170 మీటర్ల వేగంతో బయలుదేరిన పెల్లెట్, గాలి నిరోధాన్ని లెక్కలోనికి తీసుకొనకపోతే, 10 మీటర్లు దాటేలోగా భూమ్యాకర్షణ వలన సుమారు 17 మిల్లీమీటర్లు క్రిందికి జారుతుంది. గురి ఆ మేరకు ముందే సరిచేసి ఉంటుంది. అదే పెల్లెట్ 180 మీటర్ల వేగంతో బయలుదేరితే జారేది 15 మిల్లీమీటర్లే. అనగా గురి ఏ మాత్రం తప్పకపోయినా అది కేంద్రానికి సుమారు 1.8 మిల్లీమీటర్లు పైన పడుతుంది. 10.9 రావలసిన చోట 10.2 వస్తుంది. ఏడు దశాంశాలు పోయినా కాల్చిన చేతిలో దోషం ఉండదు.

తుపాకి గుండు వేగాన్ని కొలవడం పాత విద్యయే. బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితవేత్త 1742లో ప్రకటించిన గ్రంథంలో, వ్రేలాడే బరువైన లోలకానికి గుండును తగిలించి, అది ఊగిన మేరను బట్టి వేగాన్ని లెక్కించే పద్ధతిని వివరించాడు. నేడు ఆ పని క్రోనోగ్రాఫ్ అను చిన్న పెట్టె చేస్తున్నది. దానికి ముందొకటి, వెనుకొకటిగా రెండు కాంతి కన్నులు ఉంటాయి. పెల్లెట్ మొదటి కన్నుపై నీడ వేయగానే గడియారము మొదలై, రెండవ కన్నుపై నీడ పడగానే ఆగుతుంది. కన్నుల మధ్య దూరము 30 సెంటీమీటర్లు, వేగము 170 మీటర్లు అయితే ఆ కాలము 1.76 మిల్లీసెకన్లు. దూరాన్ని కాలముతో భాగించి అంకెను తెరపై చూపడమే దాని పని.

అటువంటి పెట్టె ఒకటి, వాడినదే, మాలో ఒకరి బంధువుల ద్వారా ఎరువుగా దొరికింది. కాని మా అవసరానికి తెరపై కనబడే అంకె చాలదు. ఆమె ఫిర్యాదు విశ్రాంతికి సంబంధించినది. కనుక ప్రతి షాటు వేగముతో పాటు అది ఏ నిమిషంలో, ఏ సెకనులో కాల్చినదో కూడ నమోదు కావాలి. పైగా క్రోనోగ్రాఫ్ రైఫిలు గొట్టానికి మీటరు ముందు, ఫైరింగు లైను అవతల ఉంటుంది. కాల్పులు సాగుతుండగా ఆ గీత దాటి ఎవరూ పోరాదు. అది రేంజి నియమము, ప్రాణరక్షణ నియమము. కాబట్టి అంకె తనంతట తానే వెనుకనున్న కంప్యూటరుకు నడిచి రావాలి. కంప్యూటరు దాని ప్రక్కన కాలాన్ని వ్రాసుకోవాలి.

పెట్టె ప్రక్కన ఇయర్‌ఫోను రంధ్రము వంటిది, 3.5 మిల్లీమీటర్లది, ఒకటి ఉన్నది. అంకెలు బయటకు వచ్చే ద్వారము అదే. దానికి తగిన కేబులు తయారీ ఏనాడో ఆగిపోయింది. వివరాల పుస్తకము లేదు. కేబులు మేమే తయారు చేసుకొనవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. ఒక కొన ఇయర్‌ఫోను పిన్నుకు, రెండవ కొన యు.ఎస్.బి. పిన్నుకు అతికితే చాలదా? చాలదు. పాత పరికరాలు అంకెలను ఒకే తీగపై ఒక బిట్టు వెనుక ఒక బిట్టుగా, చీమల బారు వలె పంపుతాయి. 1996లో వెలువడిన యు.ఎస్.బి. పద్ధతి వేరు. అందులో కంప్యూటరు యజమాని. అది అడిగినప్పుడే, అది విధించిన మర్యాదలోనే పరికరము మాట్లాడాలి. కనుక ఈ ఇరువురి నడుమ దుబాసీ ఒకడు కావాలి. ఆ దుబాసీ వ్రేలెడంత సర్క్యూటు బోర్డు, మధ్యలో ఒక చిప్పు. కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి బోర్డు, పిన్ను, నాలుగు మీటర్ల సన్నని వైరు, కొన్ని రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు తెచ్చుకొన్నాము. ప్రయోగశాలలో సోల్డరింగు ఐరన్ ఉన్నది. ఒక సాయంత్రానికి కేబులు రూపు దిద్దుకొన్నది. కంప్యూటరుకు తగిలించాము. బోర్డు మీద ఎర్ర దీపము వెలిగింది. అంతకుమించి ఏమీ జరుగలేదు.

ఇటువంటి సమయంలో ప్రతివాడూ తన అనుమానాన్ని పైకి తీస్తాడు. ఒకరు క్రోనోగ్రాఫ్ చెడినదన్నారు. ఒకరు బోర్డు నకిలీదన్నారు. మరొకరు కంప్యూటరు పాతదన్నారు. ఎవరి మాటకూ ఆధారము లేదు. పాతబస్తీలో ట్రాన్సిస్టరు రేడియోల కాలము నుండి మరమ్మతు దుకాణము నడుపుతున్న వృద్ధుడొకాయన మాకు పరిచయస్థుడు. మేమంతా ఆయనను చాచా అంటాము. ఆయన మా అనుమానాలన్నీ ఓపికగా విని, కేబులును చేతిలోకైనా తీసుకొనకుండా, “బేటా, ఆధా ఆధా కర్‌కే దేఖో” అన్నారు. సగము సగము చేసి చూడండి అని దాని అర్థము. దారిని నడుమకు త్రెంచి, ఏ సగము బాగున్నదో ముందు తేల్చుకొండి. బాగున్న సగాన్ని ప్రక్కన పెట్టి, మిగిలినదాన్ని మరల సగము చేయండి. “నేరము ఎవరిదో ముందే అనుకొన్నవాడికి మీటరు కూడ అబద్ధమే చెబుతుంది” అని కూడ అన్నారు.

ఆ ప్రకారము క్రోనోగ్రాఫ్‌ను విప్పివేసి, కంప్యూటరు, యు.ఎస్.బి. తీగ, బోర్డు, ఈ మూడింటినే మిగిల్చాము. బోర్డు తగిలించినప్పుడు కంప్యూటరులో క్రొత్త పోర్టు పేరు కనబడాలి. కనబడలేదు. అనగా దోషము ఈ సగములోనే ఉన్నది, క్రోనోగ్రాఫ్‌కు దీనితో నిమిత్తము లేదు. యు.ఎస్.బి. తీగలో నాలుగు వైర్లు ఉండాలి. ఎర్రది 5 వోల్టులు, నల్లది భూమి, తెల్లది, ఆకుపచ్చది సమాచారము మోసేవి. మల్టీమీటరుతో ఈ కొన నుండి ఆ కొనకు ఒక్కొక్కటే పరీక్షించాము. ఎర్ర, నల్ల వైర్లు పలికాయి. తక్కిన రెండూ పలుకలేదు. తీగ పైతొడుగు కోసి చూస్తే లోపల ఆ రెండు వైర్లు అసలు లేనే లేవు. బజారులో ఫోనులకు కరెంటు ఎక్కించడానికి మాత్రమే పనికివచ్చే తీగలు చౌకగా అమ్ముతారు. పైకి అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. దీపము వెలగడానికి రెండు వైర్లు చాలు, మాట్లాడడానికి నాలుగు కావాలి. నాలుగు వైర్ల తీగ వేయగానే పోర్టు పేరు కంప్యూటరు తెరపై ప్రత్యక్షమైనది.

తరువాతి పరీక్ష బోర్డుకు. దానిలో పంపే కాలు, అందుకొనే కాలు అని రెండు ఉంటాయి. ఆ రెండింటినీ చిన్న వైరుముక్కతో కలిపి, కంప్యూటరులో అక్షరాలు కొట్టాము. బావిలో అరచిన కేక మరల చెవిని చేరినట్లు, కొట్టిన అక్షరాలన్నీ తిరిగి వచ్చాయి. అనగా కంప్యూటరు నుండి బోర్డు వరకు దారి నిర్దోషమని తేలింది. ఇక ఆ భాగాన్ని అనుమానించనక్కరలేదు. దోషాన్వేషణలో దీనికి మించిన ఊరట లేదు. ఎవరిని అనుమానించనక్కరలేదో తెలియడము, ఎవరిని అనుమానించాలో తెలియడమంత విలువైనదే.

ఇప్పుడు క్రోనోగ్రాఫ్‌ను తగిలించాము. ప్రయోగశాలలో రైఫిలుకు తావు లేదు గనుక, రబ్బరు బ్యాండుతో కాగితపు ఉండను కన్నుల మీదుగా విసిరాము. తెరపై వేగము కనబడింది. కంప్యూటరుకు మాత్రం అర్థము లేని గుర్తులు వచ్చాయి. ఏదో వస్తున్నది, కాని చదువ వీలు లేదు. ఇటువంటి స్థితికి ముఖ్యకారణాలు రెండు. పంపే వేగము, అందుకొనే వేగము సరిపడకపోవడము మొదటిది. ఉన్నదానిని లేదనీ, లేనిదానిని ఉన్నదనీ తలక్రిందులుగా గ్రహించడము రెండవది.

మొదటిదానిని తేల్చడానికి భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని ఆసిలోస్కోపు అక్కరకు వచ్చింది. తెరపై కనబడిన స్పందనలలో అన్నింటికంటె సన్ననిదాని వెడల్పు సుమారు 208 మైక్రోసెకన్లు. ఒక బిట్టు కాలము అదే కావాలి. సెకనును దానితో భాగిస్తే 4800. అనగా పెట్టె సెకనుకు 4800 బిట్లు పంపుతున్నది. కంప్యూటరును ఆ వేగానికి సరిచేశాము. గుర్తులు మారాయి గాని అర్థము కలుగలేదు.

ఇక రెండవది. క్రోనోగ్రాఫ్ ఏమీ పంపక ఊరకున్నప్పుడు తీగపై ఎన్ని వోల్టులున్నవో చూచాము. దాదాపు సున్న. పంపేటప్పుడు 5 వోల్టులకు లేస్తున్నది. మా బోర్డు ఎదురుచూచేది ఇందుకు సరిగా వ్యతిరేకము. దాని దృష్టిలో మౌనమంటే నిండు వోల్టు, మాట మొదలయ్యేది సున్నతో.

దీనికి చరిత్ర ఉన్నది. 1960లో అమెరికాలో ఏర్పడిన ఆర్.ఎస్. 232 అను ప్రమాణము ప్రకారము తీగ మౌనంగా ఉన్నప్పుడు ఋణ వోల్టులో ఉండాలి. ధన వోల్టు సున్నకు గుర్తు, ఋణ వోల్టు ఒకటికి గుర్తు. పాత కంప్యూటర్ల వెనుకనుండిన సీరియల్ పోర్టులు ఈ ప్రమాణాన్ని పాటించేవి. ఋణ వోల్టు పుట్టించే ఖర్చు తప్పించుకొనడానికి చిన్న పరికరాలు చేసేవారు కొందరు సున్నతోను, 5 వోల్టులతోను సరిపెట్టారు. చాలా కంప్యూటర్లు సున్న వోల్టును కూడ ఋణముగానే గ్రహించేవి. మా పెట్టె ఆ కాలపు మర్యాదను పాటిస్తున్నది. మా బోర్డు ఈ కాలపు మర్యాదను పాటిస్తున్నది.

దీనిని అర్థము చేసికొనడానికి మన వార్షిక సంచికనే చూడవచ్చును. తెలుగు పుటలు ఎడమ వైపు నుండి తెరుచుకొంటాయి, ఉర్దూ పుటలు కుడి వైపు నుండి తెరుచుకొంటాయి. తెలుగు మాత్రమే తెలిసినవాడు ఉర్దూ భాగాన్ని చేతిలోకి తీసుకొంటే, ఈ గ్రంథము చివరినుండి మొదలైనదే అని విస్తుపోతాడు. ఉర్దూ పాఠకునికి తెలుగు భాగము అట్లే తోస్తుంది. గ్రంథములో తప్పు లేదు, పాఠకునిలోనూ తప్పు లేదు. ఎటునుండి తెరవాలో చెప్పే మనిషి ఒకడు కావాలి, అంతే.

మా తీగకు ఆ మనిషి ఒక్క ట్రాన్సిస్టరు. బి.సి. 547 అను పేరు గలది, దుకాణాలలో పప్పుబెల్లాల వలె దొరికేది. క్రోనోగ్రాఫ్ నుండి వచ్చే సంకేతాన్ని 10 కిలో ఓముల రెసిస్టరు ద్వారా దాని బేసుకు ఇచ్చాము. ఎమిటరును భూమికి కలిపాము. కలెక్టరును 4.7 కిలో ఓముల రెసిస్టరు ద్వారా బోర్డు ఇచ్చే వోల్టుకు కట్టి, అక్కడి నుండి బోర్డు అందుకొనే కాలికి తీగ వేశాము. పెట్టె 5 వోల్టులు ఇచ్చినప్పుడు ట్రాన్సిస్టరు వాహకమై బోర్డుకు సున్న చూపుతుంది. పెట్టె సున్న ఇచ్చినప్పుడు ట్రాన్సిస్టరు మూసుకొని బోర్డుకు నిండు వోల్టు చూపుతుంది. తలక్రిందులైనది తిన్ననయింది. కాగితపు ఉండ విసిరాము. క్రోనోగ్రాఫ్ తెరపై ఏ అంకె ఉన్నదో అదే అంకె, ప్రక్కన గంట, నిమిషము, సెకనుతో సహా కంప్యూటరులో నిలిచింది. ఆ రాత్రి ప్రయోగశాల తాళము వేయడానికి వచ్చిన అటెండరు గారికి కూడ మేము దానిని చూపించకుండ ఉండలేకపోయాము.

రేంజిలో మరొక చిక్కు ఎదురైంది. ఎవరూ కాల్చకుండానే అంకెలు వచ్చి పడసాగాయి. “మీ తీగ దయ్యము పట్టినది” అన్నారు ఒకరు. తీగను ఊడదీశాము. తీగ లేకున్నా క్రోనోగ్రాఫ్ తెరపై అవే దొంగ అంకెలు. కనుక తీగ నిర్దోషి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. పాత ట్యూబులైటు సెకనుకు 100 మారులు మినుకుమంటుంది. మన కన్ను దానిని పట్టదు గాని, కాంతి కన్ను పడుతుంది, ఒక్కొక్క మినుకును పెల్లెట్ నీడగా భ్రమిస్తుంది. పైనున్న ట్యూబులైటు వెలుగు తగలకుండ అట్టముక్క అడ్డుపెట్టి, బ్యాటరీతో వెలిగే చిన్న దీపాలు అమర్చగానే దొంగ అంకెలు ఆగిపోయాయి.

అప్పుడు ఆమెను పిలిచాము. శిక్షకుడుగారు కూడ వచ్చి నిలబడ్డారు. పోటీలో వలెనే 60 షాట్లు, తన మామూలు పద్ధతిలో, ఎప్పుడు విశ్రాంతి కావాలంటే అప్పుడు తీసుకొంటూ కాల్చమన్నాము. ప్రతి షాటుకు వేరు కాగితము, కాగితంపై వరుస సంఖ్య. కంప్యూటరు తెరను ఆమె వైపు త్రిప్పలేదు.

కాల్పులు ముగిసిన తరువాత కాగితాలను, అంకెలను ప్రక్క ప్రక్కన పరిచాము. వరుసగా కాల్చిన షాట్ల వేగము 170కి ఒకటి రెండు మీటర్లు అటు ఇటుగా నిలకడగా ఉన్నది. రెండు నిమిషాలకు మించిన విశ్రాంతి తరువాత వచ్చిన మొదటి షాటు ప్రతిసారీ 180 దరిదాపులకు లేచింది, ఆ మరుసటి షాటుకు మరల 170కి దిగింది. ఆ కాగితాలలో పెల్లెట్ రంధ్రము పైననే ఉన్నది.

కారణము చెప్పడం కష్టము కాదు. ఈ రైఫిలు సిలిండరులో గాలిని 200 బార్ల ఒత్తిడితో నింపుతారు. ఆ ఒత్తిడిని తగ్గించి, ప్రతి షాటుకు ఒకే పాటి గాలిని అందించేది రెగ్యులేటరు. దానిలోని సీలు కాలక్రమాన అరిగితే, రైఫిలు ఊరకున్నంతసేపు గాలి సన్నగా లోపలి గదిలోకి జారుతూ ఉంటుంది. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. తరువాతి పెల్లెట్‌కు అదనపు త్రోపు దొరుకుతుంది. వెంట వెంట కాల్చినప్పుడు జారడానికి వ్యవధి ఉండదు. ఆమె విశ్రాంతి తీసుకొంటున్న ప్రతిసారీ రైఫిలు ఆమెకు తెలియకుండ ఒత్తిడి పెంచుకొంటున్నది. మద్దెల నిజముగానే ఓడు.

శిక్షకుడుగారు కాగితము చేతికి తీసుకొని, ఒక్కొక్క వరుస వ్రేలు పెట్టి చదివారు. “విశ్రాంతి తీసుకోవద్దని నీకు ఎన్నిమార్లు చెప్పానమ్మా” అన్నారు కొంతసేపటికి. “పన్నెండు మార్లు సార్” అన్నది ఆమె. ఆయన మరేమీ అనలేదు. మరునాడే క్రీడా విభాగము ద్వారా రైఫిలు మరమ్మతుకు వెళ్ళింది. సీలు మార్చి తెచ్చిన తరువాత మరల కొలిచాము. విశ్రాంతికి ముందు, వెనుక వేగము ఒక్కటిగానే ఉన్నది.

కథ ఇక్కడ ఆగితే, ఇది రైఫిలుపై గెలిచిన వ్యాజ్యము మాత్రమే అయ్యేది. కాని ఆ మొదటి రోజుననే ఇంకొకటి జరిగింది. మేము సంతోషంలో ఉండగా ఆమె కాగితాలను మరల తీసుకొని, తొమ్మిదింటిని విడిగా పెట్టింది. అవి కూడ కేంద్రము తప్పినవే, కుడి ప్రక్కకు జరిగినవే. వాటి వేగము చూచింది. అన్నీ 170 దగ్గరనే ఉన్నాయి. “ఇవి మాత్రం రైఫిలువి కావు, నావే. మీట నొక్కేటప్పుడు భుజము కదులుతున్నది. ఇన్నాళ్ళూ రెండూ కలిసిపోయి ఏది దేనిదో నాకు తెలియలేదు” అన్నది. మరునాటి నుండి ఆమె ఆ తొమ్మిదింటి మీద పని చేసింది. ఎంపికలో జట్టులో మూడవ స్థానము లభించింది. మొదటి స్థానము రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. ఆ తెలివి ఆమెకు పతకముకంటె తక్కువ విలువైనదేమీ కాదని మా అభిప్రాయము.

పనిముట్టు దోషాన్ని వేరు చేస్తే మనిషికి సాకు దొరుకుతుందని పెద్దలు భయపడతారు. మేము కన్నది ఇందుకు వ్యతిరేకము. పనిముట్టు దోషము తేలనంతకాలము మనిషి దోషము కూడ తేలదు. రెండూ ఒకే మూటలో ఉంటాయి. గురువు మూటనంతా శిష్యునిపై పెడతాడు, శిష్యుడు మూటనంతా పనిముట్టుపై పెడతాడు. మూట విప్పి చూచేవారు లేనప్పుడు ఇరువురి మాటలోను సగము సగము సత్యము మిగిలి, తగవు మాత్రం సంపూర్ణముగా మిగులుతుంది.

తరగతి గదులలో ఈ తగవు నిత్యము జరుగుతున్నదే. వెనుక బల్ల విద్యార్థికి మార్కులు రాకపోతే శ్రద్ధ లేదంటాము. నల్లబల్లపై అక్షరాలు అతనికి కనబడుతున్నవో లేదో అడుగము. ప్రయోగములో జవాబు తప్పితే విద్యార్థి చేయి తప్పినదంటాము. ఆ అమ్మీటరు ముల్లు సున్న వద్ద నిలుస్తున్నదో లేదో చూడము. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కళాశాలలో ఆంగ్లము చదివిన బిడ్డ ప్రశ్నకు తడబడితే తెలివి తక్కువంటాము. ప్రశ్న ఏ వైపు నుండి తెరుచుకొన్నదో గమనించము. వీరందరూ నిర్దోషులని మేము అనడము లేదు. సగము సగము చేసి చూచినవారు ఎవరని మాత్రమే మా ప్రశ్న.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. క్రీడా విభాగములో, ప్రయోగశాలలలో ఉన్న పనిముట్లను సంవత్సరానికి ఒకసారి పరీక్షించి, ఫలితాన్ని ఒక పుస్తకములో వ్రాసే ఏర్పాటు చేయించవలెను. ఆ పనికి సిబ్బంది చాలకపోతే విద్యార్థులము చేయగలము. క్రోనోగ్రాఫ్‌ను యజమానికి తిరిగి ఇచ్చివేశాము. కేబులు, ట్రాన్సిస్టరు అమరిక బొమ్మ, ఏ పరీక్ష తరువాత ఏ పరీక్ష చేయాలో వ్రాసిన పట్టిక భౌతికశాస్త్ర ప్రయోగశాల అలమారులో రెండవ అరలో ఉంచాము. పట్టిక ఒక ప్రక్క తెలుగులోను, రెండవ ప్రక్క ఉర్దూలోను ఉన్నది. కావలసినవారు ఎటునుండి తెరిచి చదివినా పరీక్షల వరుస ఒక్కటే.